లంకలో బిడ్డలు తిరిగి రావలెనహో!

నేను ఒక డప్పుని. ఈ మాట చెవిన పడగానే మీలో కొందరికి పెళ్ళి గుర్తొస్తుంది, కొందరికి చావు గుర్తొస్తుంది, మరికొందరికి చేతులు కడుక్కోవాలని గుర్తొస్తుంది. ఈ మూడో రకం మనుషులతో నాకు పాత పరిచయం. నా కథలో వాళ్ళే ఎక్కువ కనబడతారు. కడుక్కునేవాళ్ళు ముందే కడుక్కుని వచ్చి కూర్చోండి, మధ్యలో లేవొద్దు.

నేను పుట్టింది ఎర్రగుట్టపల్లిలో. నల్లమల కొండలు కనబడేంత దగ్గర, ఆ కొండల మీద పడే వాన మాత్రం అందనంత దూరం. ఊరికి ఎడంగా ఉన్న మా పల్లెలో ఇస్సాకు అనే మనిషి నన్ను చేశాడు. వేపకర్ర చట్రం గుండ్రంగా బిగించాడు. దూడ తోలు సున్నంలో నానబెట్టి, వెంట్రుక గీకి, చింతగింజల బంక పట్టించి చట్రం మీద పరిచాడు. వెనక ఇనప కడియానికి తోలు వారులతో లాగి కట్టాడు. ఎండలో ఆరాక జొన్నచొప్ప మంట చూపించి, ఒక చేత లావుపాటి సిర్ర, ఇంకో చేత సన్నటి చిటికెన పుల్ల పట్టుకుని మొదటి దెబ్బ వేశాడు. పల్లెలో కుక్కలన్నీ లేచి మొరిగాయి. ఇస్సాకు భార్య సంతోషమ్మ పొయ్యి దగ్గర నుంచి తొంగి చూసి, "దీని నోరు నా నోటికన్నా పెద్దదే" అంది. ఆ మాట తప్పని తర్వాత తేలింది.

మనుషుల తీరు నాకు తొందరగానే అర్థమైంది. నన్ను ముట్టుకుంటే మైల. నా మాటకు మాత్రం ఏ మైలా లేదు. ఇస్సాకు నన్ను మెడలో వేసుకుని ఊరి నడివీధిలో దండోరా వేస్తే, అరుగుల మీద పెద్దమనుషులు చుట్టలు పక్కన పెట్టి మరీ వినేవారు. "పిల్లలకు టీకాలు వేయించవలెనహో" అంటే పిల్లల్ని చంకనెత్తుకుని వరసగా నిలబడేవారు. "పశువులకు సూదిమందు వేయించవలెనహో" అంటే గొడ్లను తోలుకొచ్చేవారు. పై నుంచి మునసబుకు కబురు, మునసబు నుంచి ఇస్సాకుకు హుకుం, ఇస్సాకు చేతి నుంచి నాకు దెబ్బ. ఇదీ వరస. ఆ తర్వాత సర్కారు మునసబు పదవినే తీసేసింది. ఊరు మాత్రం తన అలవాటు మానుకోలేదు. డప్పు కొట్టి చెప్పారంటే అది సర్కారు మాటే. ఎవరు చెప్పమన్నారు, ఎందుకు చెప్పమన్నారు అని అడిగినవాడు నా ఎరుకలో లేడు. నన్ను చూసి పక్కకు తప్పుకునేవాళ్ళు నా మాటను ఇంతగా నమ్మడం చూస్తే నాకు లోపల్లోపల నవ్వొచ్చేది.

మా నేలలో ఏటా తప్పకుండా పండే పంట ఒకటే, సిపాయిలు. వర్షం నమ్ముకుంటే కడుపు నిండదు గనుక మగపిల్లలు మీసం మొలవగానే పట్టాళంలో చేరేవారు. చేరే రోజున నేను ముందు, వాళ్ళు వెనక, పొలిమేర దాకా ఊరేగింపు. ఈ పంటకు పెద్ద కాపు సుబేదారు కాశిరెడ్డి. పట్టాళం నుంచి దిగి చాలా కాలమైనా నడకలో ఆ బిగువు పోలేదు. కుర్రాళ్ళను తెల్లారకముందే లేపి చెరువుగట్టు మీద పరిగెత్తించేవాడు. ఆయన మాటకు ఊళ్ళో ఎదురు లేదు. ఆయన చిన్నకొడుకు గురవారెడ్డీ, మా ఇస్సాకు ఒక్కగానొక్క కొడుకు ప్రభుదాసూ ఒకే ఏడాది ఎంపికయ్యారు, ఒకే దళంలో పడ్డారు.

ప్రభుదాసు మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు బూట్లతో, టోపీతో ఊరి నడివీధిలో నడిచి ఇంటికొచ్చాడు. ఆ వీధిలో మా వాళ్ళు చెప్పులు చేతపట్టుకుని నడిచే రోజులింకా పూర్తిగా పోలేదు. కాశిరెడ్డి అరుగు మీద నుంచి లేచి సెల్యూటుకు సెల్యూటు కొట్టాడు. ఇస్సాకు ఆ రోజు నన్ను ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాడు, సంతోషానికి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, రేపు ఎవరైనా వచ్చి ఇస్సాకు ఇంటివాళ్ళకు పట్టాళమంటే గిట్టదని అంటే నమ్మొద్దు. ఆ ఇంటికి పట్టాళం ఇచ్చిన మర్యాద ఊరు ఇవ్వలేదు.

ఇంతలో లంక వచ్చి పడింది. అక్కడ ఆ దేశంలోవాళ్ళ మధ్య తగవు. తీర్చడానికని మనవాళ్ళు సైన్యాన్ని పంపారు. పేరు శాంతి సేన. శాంతికి అన్ని తుపాకులెందుకో నాలాంటి తోలుముక్కకు అంతుపట్టలేదు. నెలలు తిరక్కుండానే మధ్యవర్తిగా పోయినవాళ్ళు తామే యుద్ధంలో దిగారు. చుట్టుపక్కల ఊళ్ళకు తంతివార్తలు మొదలయ్యాయి. పొలిమేర దాకా సాగనంపిన కుర్రాళ్ళకు చావు దరువు వెయ్యడానికి ఇస్సాకు నన్ను తీసుకుని ఊరూరా తిరిగాడు.

ఆ యుద్ధం మధ్యలోనే ప్రభుదాసు కొన్నాళ్ళు సెలవు మీద వచ్చాడు. ఈసారి నడివీధిలో నడవలేదు, చేలగట్టున వచ్చాడు. వాకిట్లో కూర్చుని ఎటో చూసేవాడు. సంతోషమ్మ పక్కన చేరింది.

"ఏందయ్యా, కంచంలో చెయ్యి పెట్టకుండా అట్టా చూస్తన్నావు?"

"మేం వీధిలోకి పోతే అక్కడి తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కోని తలుపులేసుకుంటన్నారమ్మా. మొదట్లో పూలు చల్లినారు. ఇప్పుడు పొమ్మంటన్నారు. మేం ఎవురికోసం ఉన్నామో నాకు తెలవటంల్యా. మా ఆఫీసరుకీ తెలవదు."

"తెలవకపోతే అడగండి."

"సిపాయి అడగకూడదమ్మా."

సంతోషమ్మ కంచం వాడి ముందుకు జరిపింది. "సిపాయి అడగకూడదు, సరే. సిపాయిని కన్నది అడగొచ్చుగా?" అంది. సెలవు అయిపోయింది, ప్రభుదాసు వెళ్ళిపోయాడు.

మర్నాడే ఆమె కాశిరెడ్డి వాకిట్లో నిలబడింది. లంక నుంచి మన సైన్యాన్ని వెనక్కి పిలిపించమని పైవాళ్ళను అడగాలి, మీరు ముందు నడిస్తే అందరం వెనక నడుస్తాం అని చెప్పింది. కాశిరెడ్డి ముఖం ఎర్రబడింది.

"మనది మిలట్రీ ఊరు సంతోషమ్మా. బిడ్డల్ని ఎనక్కి పంపమంటే పరువేం గాను? పక్కూరోళ్ళు నవ్వరా?"

"నవ్వితే నవ్వనీయండయ్యా. పళ్ళు వాళ్ళయే. బిడ్డలు మనోళ్ళు."

"నేను రెండు యుద్ధాలు చేసినా. మాయమ్మ అడిగిందా?"

"మన ఇంటి మీదికి పరాయోళ్ళొచ్చినప్పుడు మీరు చేసినారు. అట్టాంటిది వస్తే నేనూ అడగను, ఇంకో కొడుకుంటే వాణ్ణీ పంపుతా. ఇప్పుడు మనమే వాళ్ళింట్లోకి పోయినాం. పొమ్మంటన్నా కూచుంటే చుట్టం గూడా చేదే గదయ్యా."

కాశిరెడ్డి తువ్వాలు దులిపి లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు చాటున ఆయన భార్య ఓబులమ్మ నిలబడి అంతా విన్నది. సంతోషమ్మ వీధి మలుపు తిరిగేదాకా ఆమె తలుపు మూయలేదు.

సంతోషమ్మ వెనక్కి తగ్గే మనిషి కాదు. సిపాయిల తల్లులు ముగ్గురు నలుగురు ఆమెతో కలిశారు. ఇంతలో ఒక మంత్రిగారు ఆదివారం పగటి బండికి మా స్టేషన్లో దిగుతున్నారని, కొత్త వంతెనకు శంకుస్థాపన చేస్తారని తెలిసింది. ఊరంతా స్టేషనుకు పోయి ఆయన్ని నిలదీసి అడగాలని ఆడవాళ్ళు అనుకున్నారు. ఊరంతటికీ చెప్పాలంటే దండోరా వెయ్యాలి. ఇక్కడ ఇస్సాకు అడ్డం తిరిగాడు.

"హుకుం లేకుండా దండోరా ఎట్టా వేసేది? నా జన్మలో వెయ్యలా."

"హుకుం ఉంది. నాది" అంది సంతోషమ్మ. "నేను కన్నా గాబట్టి నేను చెప్తన్నా. వెయ్యి."

ఇస్సాకు నన్ను మంటకు కాచాడు, మెడలో వేసుకున్నాడు, నడివీధి మొదట్లో నిలబడి దరువు వేశాడు. అంతా సరిగానే ఉంది. చెప్పడం దగ్గరే వచ్చింది చిక్కు. పాపం, ఇస్సాకుకు అడగడం రాదు. జీవితమంతా పైవాళ్ళ ఆజ్ఞలు మోసిన నోరు అది. ఆ నోటికి తెలిసిన పలుకుబడి ఒకటే. "లంకలో ఉన్న మన సిపాయిలందరూ తిరిగి రావలెనహో! ఆదివారం పగటి బండికి ఊరందరూ స్టేషనుకు రావలెనహో!" అని గొంతెత్తి చెప్పాడు. ప్రతి వీధి మొదట్లోనూ అదే మాట, అదే దరువు.

ఊరు అలవాటు ప్రకారం విన్నది. అలవాటు ప్రకారం నమ్మింది. సర్కారు హుకుం వచ్చింది, లంక నుంచి బిడ్డలు తిరిగొస్తున్నారు, ఆదివారం పగటి బండికి దిగుతున్నారు! శనివారం పొద్దెక్కేసరికి సిపాయిల ఇళ్ళన్నిటికీ సున్నం కొట్టారు. కోళ్ళు అరుస్తున్నాయి, పిండివంటల వాసన పల్లె దాకా వచ్చింది. అందరికంటే గట్టిగా నమ్మింది ఎవరో తెలుసా? సుబేదారు కాశిరెడ్డి. హుకుం అంటే చాలు, ఆయన వెన్ను దానంతటదే నిటారైపోతుంది. కోటు ఇస్త్రీ చేయించి పతకాలు తోమించాడు. "అడక్కుండానే ఇచ్చినారు చూడు, అదీ ప్రభుత్వమంటే" అని అరుగు మీద అందరికీ చెప్పాడు. ఓబులమ్మ గురవారెడ్డికి ఇష్టమని నువ్వుండలు చేసి కుండకు ఎత్తింది.

విషయం తెలిసి ఇస్సాకు సిర్ర అందుకున్నాడు. "పోయి కాదని దండోరా వేసొస్తా" అన్నాడు.

"ఏమని వేస్తావు? బిడ్డలు రారహో అని కొడతావా? కొట్టు చూస్తా" అంది సంతోషమ్మ. ఇస్సాకు సిర్ర కింద పెట్టేశాడు. ఆమె అంది కదా, "రేపు స్టేషన్లో నేనే చెప్తా. తిడితే నన్ను తిట్టనీ."

ఆదివారం ఊళ్ళో ముసలివాళ్ళు కూడా మిగల్లేదు. పూలదండలతో, హారతి పళ్ళేలతో స్టేషను నిండిపోయింది. సంతోషమ్మ చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచింది. ఆ సందడిలో వినేదెవరు? బండి వచ్చి ఆగింది. దిగింది మంత్రిగారు. అన్ని దండలు చూసి ఆయన ముఖం వికసించింది, మెడ ముందుకు వంచాడు. ఒక్క దండ కూడా పడలేదు. తల్లులందరూ ఆయన్ని పక్కకు తోసుకుని పెట్టెపెట్టెకూ పరిగెత్తి కిటికీల్లోంచి చూస్తున్నారు. మంత్రిగారు కాసేపు మెడ అలాగే వంచి ఉంచాడు. తర్వాత ఏదో వెతుక్కుంటున్నట్టు నటించాడు.

బండి కదిలింది, వెళ్ళిపోయింది. బిడ్డలెవరూ దిగలేదని అర్థమయ్యాక తల్లులు హారతి పళ్ళేలు ప్లాట్‌ఫారం మీద దించేశారు. కాశిరెడ్డి నేరుగా ఇస్సాకు ముందుకు వచ్చాడు. చెయ్యి లేచింది.

"ఎవురి హుకుంతో కొట్టినావురా?"

సంతోషమ్మ మధ్యలో నిలబడింది. "నా హుకుంతో అయ్యా. కొడితే నన్ను కొట్టండి. బిడ్డలు రావాలని చెప్పమన్నా. వస్తన్నారని మీరనుకున్నారు. ఎందుకనుకున్నారు? మీకూ లోపల అదే ఉండాది గాబట్టి. రెండు రోజుల్నుంచి ఈ ఊళ్ళో ఒక్కరన్నా, ఎందుకొస్తన్నారు, యుద్ధం గెలవకుండా రాగూడదు అన్నారా? ఇళ్ళకు సున్నాలేసుకున్నారు గదా! ఆ సున్నం సాక్షి."

కాశిరెడ్డి చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. అప్పుడు ఓబులమ్మ కదిలింది. మొగుడు అరుగు మీద ఉన్నంతసేపూ తలుపు చాటు దాటి రాని మనిషి, అంతమందిలో వచ్చి సంతోషమ్మ పక్కన నిలబడింది.

"ఇంకోసారి వెయ్యి ఇస్సాకూ ఆ దండోరా. నా హుకుం గూడా."

"నాది గూడా" అని ఇంకెవరో అన్నారు. ఆ తర్వాత ఎవరు ముందు ఎవరు వెనక అనే లెక్క లేకుండా పోయింది. ఇస్సాకు కొట్టిన ఆ దెబ్బలు నా తోలుకు ఇంకా గుర్తున్నాయి. సర్కారు మాటలు అన్నేళ్ళు మోశాను, ఏనాడూ నా ఒళ్ళు అలా మోగలేదు.

మంత్రిగారు సందు చూసుకుని, "అమ్మా, మీ విన్నపం నేను పైకి చేరవేస్తాను" అన్నాడు.

"విన్నపం కాదయ్యా, హుకుం" అంది సంతోషమ్మ. "ఓట్లకొచ్చినప్పుడు మీరే యజమానులని దండం పెడతారు గదా. యజమాని చెప్తంది, చేరవేయండి."

ఆ రోజు నుంచి నాకు తీరిక లేదు. సిపాయిల తల్లులు ఊరూరా నడిచారు, నేను వాళ్ళ ముందు నడిచాను. సంతలో, బస్టాండులో, తహశీల్దారు కచేరీ ముందు అదే దండోరా. కొన్ని ఊళ్ళలో నీళ్ళిచ్చారు. కొన్ని ఊళ్ళలో దేశద్రోహులని రాళ్ళేశారు. ఒక రాయి నా చట్రానికి తగిలి ఇక్కడ చీలింది, చూశారా? రాయి వేసినవాడి కొడుకు పట్టాళంలో లేడని తర్వాత తెలిసింది. యుద్ధం గట్టిగా కావాలనేవాళ్ళ ఇళ్ళలో సాధారణంగా ఇదే తంతు. చివరికి ఒకనాడు పోలీసులు వచ్చి శాంతికి భంగం కలిగిస్తున్నానని నన్ను పట్టుకెళ్ళారు. సముద్రానికి అవతల శాంతి పేరున తుపాకి, ఇవతల శాంతి పేరున నాకు జైలు. పోలీసు స్టేషన్లో లాఠీల మూట పక్కన గోడవారగా పడేశారు. చెమ్మకు తోలు మెత్తబడింది. ఇస్సాకు రోజూ వచ్చి గుమ్మంలో నిలబడేవాడు, లోపలికి రానిచ్చేవారు కాదు.

నన్ను విడిపించింది ఎవరో చెబితే నమ్మరు. ఒక మధ్యాహ్నం కాశిరెడ్డి పతకాల కోటు వేసుకుని పోలీసు స్టేషనుకు వచ్చాడు. ఆ ఆదివారం రైలు స్టేషన్లో ఆడవాళ్ళను ఆపలేకపోయినా, ఆయన మాత్రం వాళ్ళతో కలవలేదు. ఇంట్లో ఓబులమ్మతో మాట్లాడటం మానేశాడు. అలాంటి మనిషి వచ్చి ఎస్సై ముందు నిలబడి, "డప్పు ఇయ్యి బాబూ. నా కొడుకు కలశం వచ్చింది" అన్నాడు. ఎస్సై లేచి నిలబడ్డాడు. గురవారెడ్డి లంక పోరులో చనిపోయాడు, దహనం కూడా అక్కడే అయిపోయింది. ఒక హవల్దారు ఎర్రగుడ్డ చుట్టిన చిన్న కలశం తెచ్చి ఇచ్చి పోయాడు.

కాశిరెడ్డి నన్ను చేతుల్లోకి తీసుకున్నాడు. నా మెడవారు తన భుజాన వేసుకున్నాడు. అలాగే నడివీధిలో అందరూ చూస్తుండగా నడిచి, ఏనాడూ అడుగుపెట్టని మా పల్లెకు వచ్చి ఇస్సాకు వాకిట్లో నిలబడ్డాడు. ఇస్సాకు నన్ను అందుకుని, చావు దరువుకు సిర్ర సర్దుకున్నాడు.

"అది వద్దు ఇస్సాకూ" అన్నాడు కాశిరెడ్డి. "మావోడు ఇంక రాడు. మీవోడు అక్కడే ఉండాడు. ఆ దండోరా వెయ్యి. నేను చెప్తా."

గురవారెడ్డి కలశం ముందు ఆ రోజు జరిగిన దండోరా నేను చచ్చేదాకా మరిచిపోను. ఇస్సాకు కొట్టాడు. చెప్పింది మాత్రం సుబేదారు. కవాతు చేయించిన ఆ గొంతుతో ప్రతి వీధి మొదట్లోనూ నిలబడి, "లంకలో ఉన్న మన బిడ్డలందరూ తిరిగి రావలెనహో!" అన్నాడు. నాలుగో వీధికి గొంతు పోయింది. అయినా ఆపలేదు. ఆ రోజు తలుపులేసుకున్న ఇల్లు ఊళ్ళో ఒక్కటీ లేదు.

ఆఖరికి సైన్యం వెనక్కి వచ్చేసింది. మా వల్లే వచ్చిందని నేననను. ఢిల్లీలో ఏ బల్ల చుట్టూ ఎవరు కూర్చుని ఏమనుకున్నారో నాకెలా తెలుస్తుంది? కానీ మేం నోరు మూసుకుని కూర్చున్నా వచ్చేదే అని ఎవరైనా అంటే, వాళ్ళ చెవిలో ఒక దరువు వెయ్యాలనిపిస్తుంది.

బిడ్డలు దిగే రోజున స్టేషన్లో పందిరి వేశారు, మైకు పెట్టారు. అదే మంత్రిగారు. ఈసారి దండలు ఆయనే తెప్పించుకున్నాడు. బండి ఆగింది. ప్రభుదాసు దిగాడు. చిక్కిపోయాడు, గడ్డం మాసింది. సంతోషమ్మ పరిగెత్తుకెళ్ళి మాట్లాడకుండా వాడి చేతులూ కాళ్ళూ తడిమి చూసుకుంది. అన్నీ ఉన్నాయని తేలాక అప్పుడు ఏడ్చింది. ఇస్సాకు నన్ను మెడలో వేసుకుని అలాగే నిలబడిపోయాడు.

ఓబులమ్మ కూడా వచ్చింది. ప్రభుదాసు ఆమెను చూసి తల వంచుకున్నాడు.

"మావోడి పక్కనే ఉండావంట గదా. ఆఖర్న ఏమన్నా అడిగినాడా?"

"నీళ్ళడిగినాడమ్మా. నేనే తాపినా."

ఓబులమ్మ వాడి రెండు చేతులూ పట్టుకుని చూసింది. ఊళ్ళో ఆ చేతుల నీళ్ళు ఆమె ఇంట్లో ఎవరూ తాగరు. "చల్లగా ఉండు నాయనా" అంది. కాశిరెడ్డి పక్కకు తిరిగి నిలబడ్డాడు.

అవతల మైకులో మంత్రిగారు అందుకున్నాడు. విజయమన్నాడు, కీర్తి అన్నాడు, ప్రభుత్వం చలవ అన్నాడు. ప్రసంగం చాలా దూరం పోయింది, అందులో రాని బిడ్డల ఊసు ఒక్కటి లేదు. ఓబులమ్మ వింటూ వింటూ మా దగ్గరకు వచ్చింది.

"ఇస్సాకూ, ఒక్కో పేరుకి ఒక్కో దెబ్బ వెయ్యి" అంది. వేదిక వైపు తిరిగి గొంతెత్తింది. "రావులగుంట మస్తాన్‌వలీ!"

దెబ్బ పడింది. మైకు తడబడింది.

"మిట్టకొత్తూరు చెన్నకేశవులు!"

దెబ్బ పడింది. జనం అటు నుంచి ఇటు తిరిగారు. మంత్రిగారి మనిషి ఒకడు గబగబా వచ్చి, "అమ్మా, అయ్యగారు మాట్లాడుతున్నారు. అయిపోయాక చెప్పుకుందురు గానీ" అన్నాడు.

"ఆయన్నే ఆగమనయ్యా" అంది ఓబులమ్మ. "మావోళ్ళు ఇంకా అయిపోలా."

ఇస్సాకు సిర్ర ఎత్తి పట్టుకున్నాడు, తర్వాతి పేరు కోసం.